థైరాయిడ్ అని చెప్పుకున్న రోజులు

నాకు వచ్చింది థైరాయిడ్ కాదు, టీబీ. మా అపార్ట్‌మెంట్లో చాలామంది ఈ మాట ఇప్పుడే మొదటిసారి వింటున్నారు కాబట్టి ముందుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. మీరు పంపిన డైట్ చార్టులు, ధనియాల కషాయం వీడియోలు అన్నీ అందాయి. ఒక్కటీ పాటించలేదు. కోపం తెచ్చుకోకండి. ఎందుకు అబద్ధమాడానో, దానివల్ల ఏం పోగొట్టుకోబోయానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మందులు అయిపోయి నెల దాటింది. మెట్లెక్కితే రొప్పడం లేదు. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

మే

మార్చి నెలలోనే దగ్గుతో మొదలైంది. ఏసీ వల్ల అన్నాను. రాయదుర్గంలో మా ఆఫీసులో ఎవరికి ఏ జబ్బు వచ్చినా ముందు ఏసీ మీదకి తోసేస్తాం. నేను టెస్టింగ్ టీమ్‌లో ఉన్నాను. పద్దెనిమిదేళ్లుగా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. నా ఒంట్లో తప్పు పట్టుకోవడానికి మాత్రం రెండున్నర నెలలు పట్టింది. బట్టలు వదులవుతుంటే సంతోషించాను కూడా. ఏం డైట్ చేస్తున్నారు మేడం అని క్యాంటీన్లో పిల్లలు అడిగితే, రాత్రిపూట అన్నం మానేశానని గొప్పగా చెప్పాను. మానేసిన మాట నిజమే. ఆకలి లేక మానేశాను.

ఒక ఆదివారం పొద్దున్న పళ్లు తోముకుంటుంటే దగ్గు తెర వచ్చి, వాష్‌బేసిన్‌లో ఎర్రగా పడింది. పేస్టు రంగేమో అనుకున్నాను. మా ఇంట్లో పేస్టు తెల్లది.

స్కానింగు, కఫం పరీక్ష, ఆ తర్వాత మూడు రోజుల ఎదురుచూపు. మా ఆయన రవి, నేను డాక్టరు ముందు కూర్చున్నాం. ఆవిడ చాలా మామూలుగా, జలుబు పేరు చెప్పినట్టు, టీబీ అంది. రవి వెంటనే, "మేం మంచి అపార్ట్‌మెంట్లో ఉంటామండీ," అన్నాడు. ఆ క్రిమి మా గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లో సంతకం పెట్టకుండా ఎలా లోపలికి వచ్చిందన్నది ఆయన సందేహం. డాక్టరు నవ్వలేదు. "గాలి మీ అపార్ట్‌మెంట్లోకి కూడా వస్తుంది కదండీ," అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, ఆరు నెలలు ఒక్కరోజు కూడా మానకుండా మందులు వేసుకుంటే పూర్తిగా తగ్గిపోతుందని చెప్పింది. మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుంది, అప్పుడు ఈ మందులు పనిచేయకపోవచ్చు, అని రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పినప్పుడు నాకు కొంచెం విసుగొచ్చింది కూడా. నేనేమన్నా చిన్నపిల్లనా అనుకున్నాను.

కారులో కూర్చున్నాక రవి చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు. చివరికి, "థైరాయిడ్ అందాం శైలూ," అన్నాడు. "అది ఎవరికైనా ఉంటుంది. ఎవరూ ఏమీ అనుకోరు."

నేను సరేనన్నాను. తప్పంతా ఆయన మీదకి తోసెయ్యడం లేదు. ఆయన అనకపోతే నేనే ఏదో ఒకటి అనేదాన్ని. మా ఊరి వైపు టీబీ అంటే ఆ మనిషి పేరు కూడా గట్టిగా పలికేవాళ్లు కాదు.

జూన్

మా అమ్మాయి మేఘనకీ, రవికీ పరీక్షలు చేయించాం. ఇద్దరికీ ఏమీ లేదన్నారు. ఆ రోజు నేను బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. కళ్లు తుడుచుకుంటే జేబురుమాలు లేత నారింజ రంగయింది. మందుల వల్ల మూత్రం, చెమట ఎర్రబడతాయని ముందే చెప్పారు గానీ, కన్నీళ్లు కూడా రంగు మారతాయని నేను అనుకోలేదు.

మొదటి వారాలు పడకగదిలోనే మాస్కు పెట్టుకుని ఉన్నాను. పొద్దున్నే పరగడుపున గోలీలు. అరగంటకి కడుపులో దేవుతుంది. పదింటి దాకా ఆ వికారం పోదు. కంచాల వల్ల, గ్లాసుల వల్ల ఈ జబ్బు రాదని డాక్టరు చెప్పినా, రవి నాకు విడిగా ఒక కంచం, ఒక గ్లాసు పెట్టాడు. నేను ముట్టుకున్న తలుపు గడియల్ని శానిటైజర్‌తో తుడిచేవాడు. నేను చూడటం లేదనుకున్నప్పుడు తుడిచేవాడు, అదింకా బాధ. ఒకరోజు ఉండబట్టలేక, "నన్ను కూడా ఒకసారి తుడిచెయ్యి, పనైపోతుంది," అన్నాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు.

అసలు తిప్పలు పద్మావతి గారితో వచ్చాయి. మా ఎదురు ఫ్లాటు. రాజమండ్రి వాళ్లు. అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నా ఊరందరి బాగోగులూ ఆవిడకే కావాలి. నాకు థైరాయిడ్ అని వినగానే రోజూ ఉదయం రాగిజావ డబ్బా సంచిలో పెట్టి మా తలుపు గడియకి తగిలించడం మొదలుపెట్టారు. "క్యాబేజీ జోలికి పోకండి శైలజ గారూ. థైరాయిడ్ వాళ్లకి విషమటండి," అని ఫోను. మళ్లీ గంటకి ఇంకో ఫోను, "కాలీఫ్లవర్ కూడానండి." థైరాయిడ్ వస్తే అందరూ లావవుతారు, మీరు సన్నబడ్డారు, పెట్టి పుట్టారండి, అన్నారు ఒకసారి. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆవిడ దగ్గరకొస్తే నేను వెనక్కి జరిగేదాన్ని. ఆవిడ లోపలికి రాబోతే తలుపు సగమే తీసేదాన్ని. మొదటి వారాల్లో నా భయం నాది, ఆవిడది పెద్దవయసు. కానీ కారణం చెప్పకుండా వెనక్కి జరిగితే ఎదుటివాళ్లకి ఏమనిపిస్తుంది? పదిహేను రోజులకి రాగిజావ రావడం ఆగిపోయింది. లిఫ్టులో కనిపిస్తే అంకెల వైపు చూస్తూ నిలబడ్డారు. పోనీలే, ఒక గొడవ వదిలింది అనుకున్నాను. వదలలేదు. పొద్దున్న తలుపు తీయగానే ఖాళీ గడియ వైపే నా చూపు పోయేది.

మందులు సర్కారు దవాఖానలో ఉచితంగా ఇస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు మాస్కు మీద చున్నీ కూడా చుట్టుకుని, కళ్లు తప్ప ఏమీ కనపడకుండా ఒక మూల కూర్చున్నాను. అక్కడున్నవాళ్లకి ఆ బాధే లేదు. "నీకెన్నో నెల?" "నాకు నాలుగు నిండినయ్," అని గర్భిణులు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నారు. నా పక్కనున్న తాపీమేస్త్రీ తన కుర్చీ ఫ్యాను కిందకు జరిపి, "ఈడ కూసో అక్కా, తిప్పుడు తగ్గుతది," అన్నాడు. కడుపులో తిప్పుతోందని నేను చెప్పలేదు. ఆయనకి తెలుసు, ఎందుకంటే ఆయనకీ తిప్పుతుంది.

జూలై

ఇక్కడ చంద్రమ్మ గురించి చెప్పాలి. మా సెల్లారులో జనరేటర్ గది పక్కన ఇస్త్రీ బల్ల ఆవిడది. పుప్పాలగూడ ఊళ్లోనే పుట్టి పెరిగింది. మేమంతా రాకముందు ఇక్కడ ఏం పండేదో కూడా ఆవిడకి తెలుసు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ భర్త యాదయ్య కూర్చుని బట్టలు మడతపెడుతూ ఉంటాడు. మడతపెట్టడం తప్ప ఇంకేమీ చెయ్యడు. మూటలన్నీ ఆవిడే మోస్తుంది. నాకు నోరు ఎక్కువని చెప్పాను కదా. ఒకసారి ఉండబట్టలేక, "యాదయ్యా, ఆ మూటైనా ఎత్తొచ్చు కదా, ఆవిడొక్కతే చస్తోంది," అన్నాను. "ఎత్తాలె మేడం," అని నవ్వాడు. సోమరిపోతు అనుకున్నాను.

జూలైలో మళ్లీ ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాను. ఒకరోజు సాయంత్రం బట్టలు తీసుకుంటుంటే చంద్రమ్మ నా తెల్ల జేబురుమాళ్లు మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా అడిగింది.

"మేడం, గోలీలు ఏసుకుంటున్నవా?"

"ఆ, థైరాయిడ్‌వి," అన్నాను.

"గవి గాదు. ఎర్రగోలీలు." జేబురుమాలు విప్పి అంచు దగ్గర మరక చూపించింది. కుర్తా మెడపట్టీ మీద కూడా అదే రంగు. "మా ఆయన బన్యన్లకు గిట్లనే అంటుతుండె. ఎంత ఉతికినా పోకుంటుండె. మెషిన్ల ఏసేటోళ్లకు ఎరుక గాదు, చేత్తోని ఉతికినోళ్లకు ఎరుక."

 ఇక అపార్ట్‌మెంట్ అంతా తెలిసిపోయినట్టే అనుకున్నాను. నా మొహం చూసి ఆవిడే అంది.

"ఫికర్ చెయ్యకు. ఎవలి బట్టల ముచ్చట వాళ్లకే చెప్త. జర మంచిగ తిను. గోలి మాత్రం ఇడువకు."

ఇంటికీ దవాఖానకీ బయట నా జబ్బు సంగతి తెలిసి నన్ను పలకరించిన మొదటి మనిషి చంద్రమ్మ. లిఫ్టులో పైకి వెళ్తూ నాకెంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. అప్పటినుంచి రోజూ ఉదయం క్యాబ్ కోసం సెల్లారులోంచి వెళ్తుంటే దూరం నుంచే గడ్డం పైకెత్తేది, వేసుకున్నావా అన్నట్టు. నేను తలూపేదాన్ని. ఆ ఒక్క తలూపుతో పదింటి దాకా వికారాన్ని ఎలాగో ఓర్చుకునేదాన్ని.

ఆగస్టు

శ్రావణమాసంలో తెల్లాపూర్‌లో మా ఆడపడుచు గృహప్రవేశం. పాలు పొంగించడం, వ్రతం, భోజనాలు, రెండు రోజులు అక్కడే ఉండాలి. ఒకే ఇంట్లో ఇరవై ముప్పైమంది చుట్టాలు. గోలీల అట్ట చూస్తే అవేంటో ఫోనులో వెతికి చెప్పే మేనల్లుళ్లు కనీసం నలుగురు. రెండు రోజులే కదా అని అట్టని చీరల కింద దాచి ఇంట్లోనే వదిలేసి వెళ్లాను.

ఆ రెండు రోజులూ కడుపు ఎంత హాయిగా ఉందో. పులిహోర రెండుసార్లు వేయించుకున్నాను. అందరూ మొహంలో కళ వచ్చిందన్నారు. ఇంటికొచ్చాక మూడో రోజు మరిచిపోయాను. నాలుగో రోజు మరిచిపోలేదు. దగ్గు లేదు, జ్వరం లేదు, మూడు కిలోలు పెరిగాను. తగ్గిపోయినట్టే ఉంది కదా అనుకున్నాను. రవి అడగలేదు. అడిగితే నాకెక్కడ కోపమొస్తుందో అని ఆయన భయం. చంద్రమ్మ మాత్రం రోజూ గడ్డం ఎత్తింది. నేను రోజూ తలూపాను.

పన్నెండు రోజులు అలా గడిచాయి.

పదమూడో రోజు శనివారం. మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే చంద్రమ్మ. ఆవిడ ఎప్పుడూ పైకి రాదు, మేమే బట్టలు కిందికి ఇస్తాం. ఆవిడ వెనకాల, గోడకి చెయ్యి ఆనించి యాదయ్య. లిఫ్టు నుంచి మా తలుపు పది అడుగులు కూడా ఉండదు. ఆ పది అడుగులకే ఆయన మనిషి మనిషిగా లేడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. సోఫాలో కూర్చోబెట్టి మంచినీళ్లిస్తే, తాగడానికి కూడా ఊపిరి సరిపోక గ్లాసు పట్టుకుని ఆగాడు.

"మేడం, పాత మరకలు పోతున్నయ్. కొత్తయి వస్తలేవు," అంది చంద్రమ్మ. "నాకు రోజు అబద్ధం చెప్తున్నవ్."

 

యాదయ్య ఒక్కో మాటకీ ఆగుతూ చెప్పాడు. "నేను గూడ గంతే. మూడు నెలలేసిన. దగ్గు వోయింది, తాకత్ వచ్చింది. ఇగ గోలీలెందుకని ఇడిసిన. మల్లొచ్చింది. గప్పుడు రెండేండ్లు... సూదులు, గోలీలు. పానం దక్కింది. ఊపిరి దక్కలే." కాసేపాగి, నవ్వుతూనే అన్నాడు. "నువ్వు అన్నవ్ గదా మేడం, మూట ఎత్తుమని. ఎత్తబుద్ధైతది. ఎత్తలేను."

సిగ్గుతో చచ్చిపోయాననిపించింది. "తప్పయిపోయింది యాదయ్యా," అన్నాను, ఆయన కాళ్ల దగ్గర కిందనే కూర్చుని.

"గదంత ఇడిసిపెట్టు," అంది చంద్రమ్మ. "లే. ఇప్పుడే దవాఖానకు పో. సారుకు ఫోన్ చెయ్. ఆయన వచ్చేదాంక మేమీడనే కూసుంటం."

వాళ్లు కూర్చున్నారు. కింద బల్ల మీద ఎవరి బట్టలో సగం ఇస్త్రీ అయి అలాగే ఉన్నాయి. ఆ రోజు సాయంత్రం బట్టలు ఆలస్యమైనందుకు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇద్దరు మెసేజీలు కూడా పెట్టారు. కారణం నేనే.

సెప్టెంబరు

డాక్టరు తిట్టలేదు, అందుకే ఇంకా భయం వేసింది. మందులు ఇంకా పనిచేస్తాయో లేదో మళ్లీ పరీక్ష చేసి చూడాలంది. మళ్లీ మూడు రోజులు. మే నెలలో ఎదురుచూసిన మూడు రోజుల కంటే ఇవి ఘోరం, ఎందుకంటే ఈసారి ఇది నా చేజేతులా తెచ్చుకున్నది. రెండేళ్లు, సూదులు, దక్కని ఊపిరి, ఇవే మాటలు చెవుల్లో తిరుగుతున్నాయి.  మేఘన, "నీకు మా కంటే చుట్టాలే ఎక్కువైపోయారా అమ్మా," అని ఒక్కమాట అని గదిలోకి వెళ్లిపోయింది. పదిహేడేళ్ల పిల్ల నన్ను కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

రెండో రోజు ఉదయం దోసె ముందు పెట్టుకుని కూర్చున్నాను, తినబుద్ధి కావడం లేదు. రవి వచ్చి నా పక్కన కూర్చుని, నా కంచంలోంచి ఒక ముక్క తుంచుకుని తిన్నాడు. ఇంకో ముక్క తుంచి నా నోట్లో పెట్టాడు.  ఆ విడి కంచం ఆ రోజు నుంచి ఎక్కడుందో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే ఎదురింటి తలుపు కొట్టాను. పద్మావతి గారు సగమే తీశారు. నాకు జరగాల్సిందే. గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను. టీబీ, అబద్ధం, వెనక్కి జరగడం, పన్నెండు రోజులు. ఆవిడ మొహం ఎర్రబడింది. ఇక నా మొహం చూడరనుకున్నాను.

"ఏవండీ," అన్నారు చివరికి, "మూడు నెలల నుంచి నన్ను పిచ్చిదాన్ని చేశారన్నమాట. టీబీ మనిషికి గుడ్లూ పప్పూ పెట్టాలి గానీ, ఇంత పల్చటి జావ పోశానే మీకు. ముందే చెప్పి ఏడిస్తే ఏం పోయిందండీ?" ఆ గొంతులో కోపం ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. లోపలికి లాగి కూర్చోబెట్టారు. వాళ్ల చిన్నాన్నకి టీబీ వస్తే ఇంట్లో అందరూ కలిసి ఉబ్బసం అని చెప్పారట. "మా అమ్మ పోయేదాకా ఆ మాట గడప దాటనివ్వలేదండి. ఆయన్ని చూడ్డానికి ఎవరూ రాలేదు. ఉబ్బసానికి ఎవరొస్తారు?" అన్నారు.

మూడో రోజు ఫోను వచ్చింది. మందులు పనిచేస్తాయి. పోయిన రోజులు కలుపుకుని, ఇంకొన్నాళ్లు పొడిగించి వేసుకోవాలి. ఆ కబురు ముందు సెల్లారులోకి దిగి చెప్పాను. చంద్రమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది. యాదయ్య, "మంచిగైంది, మంచిగైంది," అంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత నెలలు సులువుగా గడిచాయని చెప్పను. వికారం అలాగే ఉంది. కానీ పొద్దున్న మేఘన నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేది, మింగాక నోరు తెరిచి చూపించమనేది. కాసేపయ్యాక పద్మావతి గారు ఉడికించిన గుడ్లతో వచ్చి, తినే దాకా కదిలేవారు కాదు. ఆఫీసులో మా మేనేజరుకి కూడా చెప్పేశాను. ఆవిడ ఉదయం మీటింగులన్నీ పదకొండు తర్వాతకి మార్చింది, ఎవరికీ కారణం చెప్పకుండా. వీళ్లంతా మే నెలలో కూడా ఉన్నారు. సాయం చెయ్యడానికి నేనే వాళ్లకి సందివ్వలేదు.

ఇప్పుడు

చివరి పరీక్షలో ఏమీ లేదని వచ్చిన రోజున స్వీట్లు తీసుకుని కిందికి వెళ్లాను. చంద్రమ్మ బల్ల మీద ఎప్పటిలాగే అందరి బట్టలూ విడివిడి కుప్పలుగా ఉన్నాయి. నేనేదో సరదాకి అడిగాను, "ఇన్నేళ్లలో ఇలా నా ఒక్కదాన్నే పట్టుకున్నావా చంద్రమ్మా?"

ఆవిడ నవ్వలేదు. చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడిపిస్తూ, "ఇప్పుడు మల్ల ఇద్దరున్నరు. మన బిల్డింగులనే," అంది.

ఎవరని అడిగాను. చెప్పలేదు. బతిమాలినా చెప్పలేదు. "ఒకామెకు అడిగిన. ఏడ్సుకుంట పోయింది, మల్ల బట్టలు పంపుతలేదు," అని మాత్రం అంది. ఇదంతా రాస్తానంటే, "నా పేరు రాసుకో, ఏంగాదు. వాళ్లను మాత్రం అడుగకు," అంది. కాబట్టి అడగడం లేదు. నా పేరుతో ఇది రాసి మన గ్రూపులో పెడుతున్నాను.

మీరిద్దరూ ఎవరో నాకు తెలియదు. రోజూ లిఫ్టులో కలుస్తూనే ఉంటామేమో. బట్టలు చంద్రమ్మకే పంపండి, ఆవిడ నోరు దాటి ఏదీ పోదు. మీ జబ్బుకి మీరు ఏ పేరైనా పెట్టుకోండి, ఎవరికి చెప్పాలో మీ ఇష్టం. ఇంట్లో దాచి వేసుకోవడం కష్టంగా ఉంటే గోలీలు మా ఇంటికి తెచ్చుకోండి. నాలుగో అంతస్తు, లిఫ్టు దిగగానే ఎడమవైపు. పొద్దున్న ఏడింటికల్లా తలుపు తీసే ఉంచుతాను. మంచినీళ్లు నేనిస్తాను.